కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు 'బలం మాత్రలు' వేసుకోవచ్చా? ఏ విటమిన్ మేలు.. ఏది ముప్పు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: "అన్నా, ఒంట్లో సత్తువ లేదు.. బలానికి ఏమన్నా మాత్ర ఇయ్యి." మదనపల్లె బస్టాండ్ దగ్గరైనా, పుంగనూరు బజారులో అయినా, కుప్పం రైల్వే స్టేషన్ రోడ్డులో అయినా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినిపిస్తుంది. వెంటనే కౌంటర్ మీదకు ఓ స్ట్రిప్ వచ్చేస్తుంది. మెరిసే రంగు మాత్ర, వెనకాల చిన్న అక్షరాల్లో ఇరవై పేర్లు. డాక్టర్ చీటీ ఉందా అని అడగరు. కిడ్నీలు ఎలా ఉన్నాయని అసలే అడగరు.

కిడ్నీలు బాగున్న మనిషికి దీంతో పెద్దగా నష్టం లేదు. నీళ్లలో కరిగే విటమిన్లు అవసరానికి మించితే కిడ్నీలు వాటిని మూత్రంలో బయటికి పంపేస్తాయి. మరి ఆ పంపే పనే సరిగా జరగని వాళ్ల సంగతేంటి? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఒకే సమయంలో కొన్ని విటమిన్లు తక్కువ పడతాయి, ఇంకొన్ని ఒంట్లో పేరుకుపోతాయి. రెండూ నిజమే. అందుకే వీళ్లకు "మల్టీవిటమిన్ మంచిదా, చెడ్డదా" అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఏ విటమిన్, ఎంత డోసు, ఏ టెస్టు చూసి ఇచ్చారు.. ఇవే అసలు ప్రశ్నలు.

రాష్ట్రంలో కిడ్నీ జబ్బు అనగానే అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే గుర్తొస్తుంది. కారణం అంతుచిక్కని జబ్బు కాబట్టి వార్తల్లో దానికే చోటెక్కువ. కానీ మన వైపు ఇళ్లల్లో కనిపించేది వేరే కథ. ఏళ్ల తరబడి షుగర్, పట్టించుకోని బీపీ, చివరికి పెరిగిన క్రియాటినిన్. దేశవ్యాప్తంగా 52 వేల మందికి పైగా రోగుల వివరాలు సేకరించి 2012లో ప్రచురించిన కిడ్నీ రిజిస్ట్రీలో కూడా మొదటి కారణం షుగరే. 31 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్నది దానివల్లే. అంటే ఈ వార్త డయాలసిస్ చేయించుకునే వాళ్లకు మాత్రమే కాదు. షుగర్ మాత్ర వేసుకుంటూ, పక్కనే ఓ బలం మాత్ర కూడా వేసుకునే ప్రతి ఒక్కరికీ సంబంధించింది.

నీరసం విటమిన్ లోపం వల్లేనా?

ముందు ఇది తేల్చుకోవాలి. కిడ్నీ రోగికి వచ్చే ఆయాసం, కాళ్లలో సత్తువ లేకపోవడం, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలనిపించడం.. చాలాసార్లు విటమిన్ లోపంతో వచ్చేవి కావు. ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు తయారు కావాలంటే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ కావాలి. దాన్ని ఎక్కువగా తయారు చేసేది కిడ్నీలే. అవి దెబ్బతింటే ఆ హార్మోన్ తగ్గుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. అప్పుడు షాపులో కొన్న 'రక్తం టానిక్' ఎన్ని సీసాలు తాగినా లాభం ఉండదు. ఐరన్ నిల్వలు ఎంత ఉన్నాయో ఫెరిటిన్ టెస్టుతో చూసి, అవసరమైతే ఐరన్ ఇంజెక్షన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

బలం మాత్రతో జరిగే మొదటి నష్టం ఇదే. మాత్రలో ఏముందన్నది తర్వాతి మాట. మాత్ర వేసుకుంటున్నాం కదా అని రెండు మూడు నెలలు అలా గడిచిపోతాయి. ఆలోపు కిడ్నీలు ఇంకాస్త దెబ్బతింటాయి. ఈజీఎఫ్‌ఆర్ అనే లెక్క 60 కన్నా తక్కువగా మూడు నెలలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. 15 కన్నా తగ్గితే చివరి స్టేజీ. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి నీరసాన్ని 'వయసైపోయింది' అనో, 'ఎండలు' అనో సరిపెట్టుకుంటారు.

పొటాషియం పోవాలని నీళ్లు వంపేస్తే..

విటమిన్లు తక్కువ పడటానికి ఒక కారణం మన వంటగదిలోనే ఉంది.

పొటాషియం ఎక్కువున్న రోగికి డైటీషియన్ ఏం చెబుతారు? కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోమంటారు. మంచి సలహానే. పొటాషియం చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. దాంతోపాటే నీళ్లలో కరిగే బి విటమిన్లు, సి విటమిన్ కూడా పోతాయి. దానికి తోడు పండ్లు తగ్గించమంటారు, ఆకుకూరలు తగ్గించమంటారు, పాలు తగ్గించమంటారు. నోటికి రుచి ఉండదు కాబట్టి తిండి ఎలాగూ తగ్గుతుంది. మిగిలింది పాలిష్ పట్టిన బియ్యం. దాంట్లో బి1 ముందే పోయింది, కడిగినప్పుడు ఇంకాస్త పోతుంది, గంజి వార్చితే మరికాస్త.

డయాలసిస్ మొదలైతే లెక్క మళ్లీ మారుతుంది. నాలుగు గంటల సెషన్‌లో మిషన్ యూరియా, క్రియాటినిన్ లాగేస్తుంది. ఫోలిక్ యాసిడ్, బి1, బి6, సి విటమిన్లు కూడా చిన్న అణువులే కాబట్టి అవీ కొట్టుకుపోతాయి. కాళ్ల వాపులకు వాడే నీటి మాత్రలు కూడా బి1ను మూత్రంలో పంపేస్తాయి.

మన ఊళ్ల తిండి విషయానికొస్తే.. మదనపల్లె అంటే టమాటా. దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి అక్కడుంది. చారులో, పప్పులో, ఊరిబిండిలో అన్నింట్లో టమాటానే. వంద గ్రాముల టమాటాలో 200 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. ఒక కాయతో ఏమీ కాదు. కానీ సీజన్‌లో ధర పడిపోయినప్పుడు రోజూ గిన్నెడు టమాటా గొజ్జు తింటే పొటాషియం ఎక్కువున్న మనిషికి ఇబ్బందే. రాగిలో కాల్షియం బాగా ఉంటుంది, తెల్ల బియ్యం కన్నా పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. అలాగని సంగటి పూర్తిగా మానేయాలా? అక్కర్లేదు. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫాస్ఫరస్ అంతా మన పేగులు పీల్చుకోలేవు. అదే కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది. ముద్ద ఎంత తినాలన్నది మీ పొటాషియం, ఫాస్ఫరస్ రిపోర్టును బట్టి డైటీషియన్ చెప్పాలి.

పుంగనూరు ఆవు పాల గురించి కూడా అడుగుతుంటారు. ఆ పొట్టి ఆవుకు దేశమంతా పేరుంది, పాలల్లో వెన్న ఎక్కువ. 'ఔషధ గుణాలు' అంటూ సోషల్ మీడియాలో తిరిగే వీడియోలకు లెక్కే లేదు. కిడ్నీ డాక్టర్ చూసేది మాత్రం పాలలోని ఫాస్ఫరస్, పొటాషియమే. ఆవు జాతి కాదు.

బి విటమిన్లు మేలే.. కానీ మోతాదు దాటితే?

డయాలసిస్ రోగులకు డాక్టర్లు ఎక్కువగా రాసేది బి కాంప్లెక్స్, ఫోలిక్ యాసిడ్, కొద్దిగా సి కలిసిన మాత్ర. కొందరు దీన్ని 'రీనల్ విటమిన్' అంటారు. ఇందులో విటమిన్ ఎ ఉండదు. మామూలు మల్టీవిటమిన్‌కు, దీనికి ముఖ్యమైన తేడా అదే.

బి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి, ఎంత వేసుకున్నా ఏం కాదు అనే మాట మాత్రం కిడ్నీ రోగుల విషయంలో చెల్లదు. కెనడాలో షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 238 మందిపై ఒక పరిశోధన చేశారు. సగం మందికి రోజూ ఫోలిక్ యాసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బి6 25 మిల్లీగ్రాములు, బి12 1 మిల్లీగ్రాము ఇచ్చారు. మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్ర. రక్తంలో హోమోసిస్టీన్ తగ్గితే కిడ్నీలకు, గుండెకు మంచిదని వాళ్ల ఆశ. హోమోసిస్టీన్ తగ్గింది కూడా. కానీ 2010లో ఫలితాలు బయటికొచ్చేసరికి అంతా తలకిందులైంది. విటమిన్ వేసుకున్న వాళ్లలోనే కిడ్నీల పనితీరు వేగంగా పడిపోయింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు రెట్టింపు కనిపించాయి.

ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిందొకటి ఉంది. బి12 నిజంగా తక్కువున్న వాళ్లకు అది ఇవ్వాల్సిందే. ముఖ్యంగా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో బి12 తగ్గుతుంది. అరికాళ్ల మంట, తిమ్మిర్లు వస్తాయి. టెస్టు చేయించి, తక్కువుంటే సరిదిద్దితే సరిపోతుంది. టెస్టు లేకుండా 'నరాల బలానికి' అంటూ ఏళ్ల తరబడి వాడటంతోనే తంటా. పైగా తిమ్మిర్లకు ఇచ్చే చాలా మాత్రల్లో మిథైల్‌కోబాలమిన్‌తో పాటు ప్రీగాబాలిన్ అనే మందు కూడా కలిసి ఉంటుంది. అది బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో నిలిచిపోయి మత్తు, తూలడం వస్తాయి. పెద్దాయన నిద్రమత్తులో పడిపోతే 'బీపీ డౌన్ అయిందేమో' అనుకుంటారు ఇంట్లో వాళ్లు. ఆ స్ట్రిప్ వెనకాల ఏం రాసి ఉందో ఒకసారి చూడండి.

కరోనా నేర్పిన అలవాటు: సి విటమిన్

2020, 2021లో నమిలే సి విటమిన్ మాత్ర లేని ఇల్లు లేదు. చాలామందికి ఆ అలవాటు ఇంకా పోలేదు. మన దేశ లెక్కల ప్రకారం మగవాళ్లకు రోజుకు కావాల్సిన సి విటమిన్ 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. నమిలే మాత్ర ఒక్కటే 500 మిల్లీగ్రాములు.

ఒంట్లో ఎక్కువైన సి విటమిన్‌లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి పంపలేకపోతే ఆక్సలేట్ కాల్షియంతో కలిసి గట్టి స్ఫటికాలై కిడ్నీలోనే పేరుకుంటుంది. అసలే అంతంతమాత్రంగా ఉన్న కిడ్నీ దీంతో పూర్తిగా మూలన పడొచ్చు. మాత్రలే కాదు, 'సహజం' అనుకునే జ్యూసులతోనూ ఇదే ముప్పు. కేరళలో కొలెస్ట్రాల్ తగ్గుతుందని బిలింబి కాయల రసం తాగి పది మంది కిడ్నీలు దెబ్బతిన్నట్టు అక్కడి డాక్టర్లు 2013లో రాశారు. దానికి చుట్టమే స్టార్ ఫ్రూట్. కిడ్నీ రోగులు అది తింటే ఆగని ఎక్కిళ్లు, అయోమయం, ఫిట్స్ వరకు వెళ్లొచ్చు. బెంగళూరు సూపర్ మార్కెట్ నుంచి ఎవరైనా ముచ్చటపడి తెచ్చినా కిడ్నీ రోగికి ఒక్క ముక్క కూడా పెట్టొద్దు.

డి విటమిన్: వారానికి ఒకటి అంటే వారానికి ఒకటే

ఇది అన్నిటికన్నా చిక్కు వ్యవహారం. ఎండలో, తిండిలో, మాత్రలో దొరికే డి విటమిన్ నేరుగా పనిచేయదు. ముందు లివర్‌లో, తర్వాత కిడ్నీలో మార్పు చెందాలి. కిడ్నీలో తయారయ్యే ఆఖరి రూపం పేరు కాల్సిట్రయాల్. కాల్షియం ఒంటికి పట్టించేది అదే. కిడ్నీలు దెబ్బతింటే ఆఖరి మెట్టు ఆగిపోతుంది. కాల్షియం తగ్గుతుంది, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. ఎముకలు బోలుబోలుగా అవుతాయి.

అందుకే డాక్టర్లు కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి.. ఇవన్నీ చూసి మందు రాస్తారు. మామూలు డి3 కావాలా, కాల్సిట్రయాల్ కావాలా, అసలు ఏదీ వద్దా అన్నది ఆ రిపోర్టుల మీదే ఆధారపడుతుంది. రెండిటి పేర్లలోనూ 'డి విటమిన్' ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చేవి కావు.

జనం ఎక్కువగా పొరపాటు పడేది 60,000 యూనిట్ల సాచెట్ దగ్గర. మనిషికి రోజుకు కావాల్సింది 600 యూనిట్లు. అంటే ఒక్క సాచెట్‌లో వంద రోజుల సరుకు ఉన్నట్టు. దాన్ని వారానికోసారి, అదీ కొన్ని వారాలే వేసుకోమంటారు. చీటీ సరిగా చదవక రోజూ పాలల్లో కలుపుకొని తాగి ఆస్పత్రి పాలైన కేసులు మన దేశంలో వైద్య పత్రికలకెక్కాయి. రక్తంలో కాల్షియం పెరిగిపోతే వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాట తడబడటం కనిపిస్తాయి. క్రియాటినిన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలనే దెబ్బతీసే విషయం ఇది.

పోనీ డి3 వేసుకుంటే షుగర్ రోగుల కిడ్నీలు చెడిపోకుండా ఆగుతాయా? అమెరికాలో 1,300 మందికి పైగా షుగర్ రోగులపై ఐదేళ్లు చూశారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం డి3 వేసుకున్న వాళ్లకు, వేసుకోని వాళ్లకు తేడా కనబడలేదు.

మూడు రాష్ట్రాల చీటీలు, ఒకే కడుపు

కుప్పం వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఊరు ఆంధ్రాలో, అటు చూస్తే కర్ణాటక, ఇటు చూస్తే తమిళనాడు. ఒకసారి ఊళ్లోనే ఉన్న పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, ఇంకోసారి వేలూరు సీఎంసీ, కొడుకు బెంగళూరులో ఉంటే అక్కడో ప్రైవేటు ఆస్పత్రి. మదనపల్లె, పుంగనూరు వాళ్లయితే తిరుపతి స్విమ్స్ లేదా బెంగళూరు. మధ్యలో ఊరి ఆర్ఎంపీ.

ఎక్కడి డాక్టర్ అక్కడ సరిగానే రాస్తారు. అయితే ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. వేలూరులో డి3 సాచెట్ రాశారు. బెంగళూరులో ఎముకల డాక్టర్ మోకాళ్ల నొప్పికి కాల్షియం మాత్ర రాశారు, అందులోనూ డి3 ఉంది. ఇంటి దగ్గర కొన్న మల్టీవిటమిన్‌లోనూ ఉంది. కంపెనీలు వేరు, రంగులు వేరు, లోపల సరుకు ఒకటే. ఇంట్లో ఉన్న మందులన్నీ, పౌడర్ డబ్బాతో సహా, ఒక సంచిలో వేసుకుని కిడ్నీ డాక్టర్ టేబుల్ మీద కుమ్మరించండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఫైలు చూపించడం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం.

ఎ, ఇ విటమిన్లు, జుట్టు మాత్రలు

రక్తంలో విటమిన్ ఎ ను మోసే ప్రొటీన్‌ను మామూలుగా కిడ్నీలు తొలగిస్తాయి. కిడ్నీలు చెడితే అది అలాగే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఈ రోగుల్లో ఒక్క మాత్ర వేసుకోకపోయినా ఎ విటమిన్ ఎక్కువే ఉంటుంది. పైనుంచి వేసుకుంటే చర్మం పొడిబారడం, తలనొప్పి, ఎముకల నొప్పులు, జుట్టు రాలడం. ఇక్కడే ఓ విడ్డూరం. జుట్టు రాలుతోందని ఇంకో విటమిన్ మాత్ర కొంటారు. డయాలసిస్ రోగులకు ఎ, ఇ విటమిన్లు మామూలుగా ఇవ్వొద్దని అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020 మార్గదర్శకాల్లో ఉంది. చేప నూనె, కాడ్ లివర్ ఆయిల్ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. కాడ్ లివర్ ఆయిల్‌లో ఎ, డి రెండూ ఉంటాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కె విటమిన్ ఉన్న మాత్ర వేసుకుంటే ఆ మందు పని దెబ్బతింటుంది.

జుట్టు మాత్రల్లో ఉండే బయోటిన్‌తో ఇంకో రకం తలనొప్పి. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని ల్యాబ్ టెస్టులను తప్పుదోవ పట్టిస్తుంది. పారాథైరాయిడ్ హార్మోన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ టెస్టు కూడా తప్పు చూపించొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్ వాళ్లకు ఈ మాత్ర సంగతి చెప్పాలి.

డబ్బా వెనకాల ఏం చూడాలి?

విటమిన్ల పేర్ల కింద ఖనిజాల లిస్టు ఉంటుంది. పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఉన్నాయేమో చూడండి. నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగే మాత్రల్లో సోడియం ఉంటుంది, అది బీపీకి మంచిది కాదు. ప్రొటీన్ పౌడర్ డబ్బాల్లోనూ విటమిన్లు, ఖనిజాలు కలుపుతారు. డయాలసిస్ చేయించుకునే వాళ్లకు ప్రొటీన్ ఎక్కువ కావాలి, ఇంకా ఆ స్టేజీకి రాని వాళ్లకు సాధారణంగా తగ్గించమంటారు. కాబట్టి పక్కింటి పేషెంట్ తాగే పౌడర్ మీకు సరిపోదు. చాలా డబ్బాల మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, 'హెల్త్ సప్లిమెంట్', 'మందుగా వాడటానికి కాదు' అనే మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. చట్టం దృష్టిలో అది ఆహారం. మెడికల్ షాపులో అమ్మినంత మాత్రాన మందు అయిపోదు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్న వాళ్లయితే ఇంకాస్త గట్టిగా ఉండాలి. దేశంలో విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి 1971లో వేలూరు సీఎంసీలోనే జరిగింది. మన ప్రాంతం నుంచి అక్కడికి వెళ్లొచ్చిన కుటుంబాలు ఎన్నో. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మందుల స్థాయిని కొన్ని మూలికల సప్లిమెంట్లు పెంచేస్తాయి లేదా పడగొట్టేస్తాయి. విటమిన్‌తో పాటు 'హెర్బల్ ఎక్స్‌ట్రాక్ట్' అని రాసి ఉంటే డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

ఇప్పటికే ఏదో ఒకటి వాడుతున్నారా? కంగారుపడి అన్నీ ఒకేసారి ఆపేయొద్దు. కిడ్నీ డాక్టర్ రాసిన కాల్సిట్రయాల్, ఫోలిక్ యాసిడ్, ఐరన్ లాంటివి వాళ్లను అడక్కుండా మానకూడదు. సొంతంగా కొన్న మల్టీవిటమిన్, సి విటమిన్, జుట్టు మాత్రలు మాత్రం డాక్టర్‌ను కలిసేదాకా పక్కన పెట్టేయొచ్చు. డి3 సాచెట్లు ఎక్కువ వేసుకున్నామని అనుమానం ఉంటే కాల్షియం, క్రియాటినిన్ టెస్టులు వెంటనే చేయించుకోవాలి. వాంతులు, మత్తు ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇక డయాలసిస్ రోగులకు రాసిన బి కాంప్లెక్స్ మాత్ర.. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే వేసుకుంటే మిషన్‌లోనే కొట్టుకుపోతుంది. సెషన్ అయ్యి ఇంటికొచ్చాక, రాత్రి అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి.